బొట్టు పెట్టిన ఫోను తాళం

మొన్న మా మనవరాలు కొత్త ఉద్యోగంలో చేరింది. ఏం పనమ్మా అని అడిగితే, కంపెనీల కంప్యూటర్లలోకి వాళ్ల అనుమతితోనే దొంగలా దూరి, ఎక్కడెక్కడ సందులున్నాయో చూసి మళ్లీ వాళ్లకే చెప్పడమట; దాన్ని ఎథికల్ హ్యాకింగ్ అంటారట. దొంగతనానికి కూడా ఇంత మర్యాద వచ్చిందా అని నవ్వాను గానీ, యాభై ఏళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పని నా ఘనకార్యం గుర్తొచ్చింది.

డయలు తిప్పే నల్ల ఫోన్లు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో నేను వరంగల్ బజారులో ఒక బట్టల దుకాణంలో ఉత్తరాలు టైపు చేసేదాన్ని. మా సేటు డయలు కన్నంలో చిన్న తాళం బిగించి, గల్లాపెట్టెకు పెట్టినట్టే ప్రతి శుక్రవారం దానికీ పసుపు రాసి బొట్టు పెట్టేవాడు; ఇక ఆ ఫోను జోలికి ఎవరూ రాలేరని ఆయన ధీమా. కానీ డయలు వెనక్కి తిరిగేటప్పుడు వచ్చే టకటకలు, టైపు మిషను చప్పుడుకు అలవాటైన నా చెవిన పడకుండా ఉంటాయా! మూడుకు మూడు, సున్నాకు పది. రిసీవరు కింద ఉండే మీటను అన్నిసార్లు నొక్కి, అంకెకూ అంకెకూ మధ్య కాస్త ఆగితే చాలు, తాళం తాళంలాగే ఉంటుంది, ఫోను మాత్రం కలుస్తుంది. అమ్మ లేని మా అక్కచెల్లెళ్లకు ఒకరికొకరమే దిక్కు. హన్మకొండలో అత్తగారింట తొలిచూలుతో ఉన్న మా అక్క గొంతు వినకుండా ఉండలేక, సేటు భోజనానికి, ఆయన కుటుంబం ఉండే వెనక గదిలోకి వెళ్లినప్పుడల్లా అలా చేసేదాన్ని. తప్పని తెలుసు, మానలేకపోయాను.

ఒకనాడు సేటు తాళంచెవి జేబులో వేసుకుని స్టేషన్ ఘన్‌పూర్‌లో పెళ్లికి వెళ్లాడు. మధ్యాహ్నం ఆయన తల్లి వెనక గదిలో ఉన్నట్టుండి కుప్పకూలింది. సేటు భార్య ఏడుస్తూ తాళం వేసిన ఫోను వంకే చూస్తోంది. మంచాన పడ్డ నాన్నకు నా ఉద్యోగమే ఆధారం, అయినా పోతే పోనీ అనుకుని ఆవిడ కళ్లెదుటే మీట నొక్కాను. తొందరలో మొదటిసారి లెక్క తప్పింది, రెండోసారికి డాక్టరు పలికాడు. పెద్దావిడ బతికింది.

మర్నాడు సేటు పిలిస్తే, ఉద్యోగం పోయిందనుకుంటూనే వెళ్లాను. ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి, "మీ అక్కకు చేసేటప్పుడు గూడ గీ తాళం తీసే చెయ్యి బిడ్డా. గట్ల కొట్టి కొట్టి మీట ఇరగ్గొడ్తవ్" అన్నాడు. అక్క సంగతి నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు! వెనక గదిలో అన్నం తింటూ ఇన్నాళ్లూ నా టకటకలూ మాటలూ వింటూనే ఉన్నాడన్నమాట. సిగ్గుతో తల ఎత్తలేకపోయినా, ఆ రోజు ఇంటికి నడుస్తుంటే ఒళ్లు దూదిలా తేలిపోయింది.

ఇదంతా చెబితే మా మనవరాలు పడీ పడీ నవ్వి, "మాకంటే నువ్వే సీనియర్‌వి నానమ్మా, గని పర్మిషన్ లేకుంట చేసినవ్ సూడు" అంది. నిజమే. ఎంతవరకు దూరాలో, ఎక్కడ ఆగాలో ఇప్పుడు ముందే కాగితం మీద సంతకాలవుతాయి, ఆ పిల్ల నాలాగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని చేయక్కర్లేదు, అంతకంటే ఏం కావాలి? కాకపోతే, తాను ఎవరి తాళాలు తీస్తుందో వాళ్ల ముఖమైనా చూడదట. మా సేటులా అన్నీ విని కూడా విననట్టు అన్నం తినే మనిషి ఆ కంప్యూటర్లకు అవతల ఎవరున్నారు?