అల్లం కడిగిన వేళ్లు

పత్రికలో చాలా ఏళ్లు పనిచేశాక జహీరాబాద్‌లో సోషల్ వర్క్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. సంక్షేమ విధానాలు, అవి అందనివారి తరఫున వాదించే పద్ధతి నా సబ్జెక్టు. క్లాసులో నాదొక నియమం. ఎవరి కష్టం చెబుతున్నారో వాళ్లయిపోయి "నేను" అనే మాట్లాడాలి. "ఆమె" అంటే ఆపేస్తాను.

ఒక విద్యార్థిని రాయికోడ్ వైపు ఊరి ముసలమ్మ కేసు తీసుకుంది. కూలికి అల్లం కడిగి కడిగి ముసలమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి. మెషీన్ పట్టక, మనిషే లేనట్టు లెక్కేసి పింఛన్ ఆపారు, దాంతో బీపీ గోళీలూ ఆగాయి. సెలవుల్లో ఈ అమ్మాయి ఆమె ఇంట్లోనే ఉండి, ఆమెతోపాటు గోనెసంచి మీద అల్లం రుద్ది కడిగింది.

తిరిగొచ్చి క్లాసులో నిలబడితే గొంతులో ముసలి వణుకు.

"పొద్దుగాల లేచి నా చేతులు సూసుకుంట. గివి ఎవరియో అనిపిస్తది."

"అవ్వా, జర చాయ్ తాగుతవా?" అని స్నేహితురాలు ఆటపట్టించింది.

"చక్కెర తక్కువెయ్యి బిడ్డా."

ఎవరూ నవ్వలేదు. క్లాసయ్యాక కూడా ఆ అమ్మాయి నడుము వంచే నడిచి వెళ్లింది.

అర్జీలు తీసుకునే సోమవారం ముసలమ్మతో కలిసి మండల ఆఫీసుకు వెళ్లాం. అమ్మాయే "నా పింఛన్" అంటూ మొదలుపెట్టింది.

అధికారి నవ్వారు. "నువ్వు ముసలమ్మవెట్లయితవమ్మా? మా మెషీన్ మంచిగనే ఉన్నది. నీ ఆధార్ నంబర్ కొట్టి నీ ఏలు పెట్టు, చూస్తవ్."

పెట్టింది. ఎర్ర లైటు. చున్నీకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర లైటే. ఆయన తన నంబరు కొట్టి తన వేలు పెడితే పచ్చ లైటు వెలిగింది. అల్లం ఘాటుకు అమ్మాయి వేళ్ల తోలు ఊడిందని నాకు తెలుసు. అయినా నా వేళ్లు ఓసారి చూసుకున్నాను.

అప్పుడు ముసలమ్మ నెమ్మదిగా అడిగింది. "సారూ, గీ పిల్ల గూడ లేనట్టేనా?"

ఆయన కంటిపాప చూసే మెషీన్ తెప్పించారు. అది ముసలమ్మను వెంటనే గుర్తుపట్టింది. పింఛన్ మళ్లీ ఇవ్వమని గుమస్తాకు చెప్పారు.

తిరుగు బస్సులో అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది.

"నాకు మళ్ల షురూ అయితదంట సార్."

"ఆమెకు అనమ్మా," అన్నాను, క్లాసులో ఎవరినీ అననివ్వని మాట.

విననట్టే తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది.