దర్జీ కాళ్ల ఆరాటం

తన చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించిన ఏడాది మా వీధి దర్జీ చొక్కాలకు జేబులు లోపలివైపు కుట్టాడు. దాచమని ఆ గొంతులే చెప్పాయట. ఆసుపత్రి డాక్టరమ్మ మాత్రలిచ్చాక గొంతులు సద్దుమణిగాయి, జేబులు బయటికొచ్చాయి.

ఈమధ్య ఆయన అల్లుడు ముచ్చటపడి కుట్టుమిషనుకు మోటారు బిగించాడు. కాలితో తొక్కే పని తప్పింది. అప్పటినుంచి దర్జీ ఒకచోట కూర్చుంటే ఒట్టు. పంట్లాం కొలతలకు నా చుట్టూ తిరుగుతుంటే ఆయనతోపాటు నేనూ తిరిగాను. ఒక కాలు పొట్టిగా వచ్చింది. అది వేసుకుని ఆఫీసుకెళ్లి, ఎవరైనా అడిగేలోపే కుంటడం మొదలుపెట్టాను.

ఆయన భార్యకు మాత్రం నవ్వు రాలేదు. జబ్బు తిరగబెట్టిందనుకుని, తనంతట తనే రాత్రి మాత్ర ఒకటిన్నర చేసింది. తిరుగుడు ఇంకా ఎక్కువైంది.

"గొంతులు కాదే తల్లీ! ఒంట్లో చీమలు పాకుతున్నట్టుంది. ఈ మాత్రలిక మింగను" అంటూ దర్జీ వాటిని కాలవలో పారేయడానికి బయల్దేరాడు. మానేస్తే ఆ గొంతులు మళ్లీ వస్తాయని ఆవిడ భయం. చెప్పుల్లేకుండా వెంటపడి, మనిషిని ఆసుపత్రికి మళ్లించింది.

డాక్టరమ్మ అంతా విని అంది: "మెదడు కణాల మీద గ్రాహకాలని ఉంటాయి. డోపమైన్ అనే రసాయనం వాటిలో కూర్చుంటేనే కబురు అందుతుంది. ఈ మందు ముందే వెళ్లి ఆ చోటు ఆక్రమిస్తుంది."

"బస్సు సీట్లో రుమాలు వేసినట్టా?" అన్నాడు దర్జీ, గుమ్మందాకా వెళ్లొచ్చి.

"అచ్చం అంతే. ఆ కబురు అందక గొంతులు ఆగాయి. కానీ ఒంటి కదలికలు చూసే భాగంలోనూ అవే సీట్లున్నాయి. అక్కడా రుమాలు పడింది, అందుకే ఈ ఆరాటం. ఇన్నాళ్లూ మిషను తొక్కుతుంటే బయటపడలేదు. మీ ఆవిడేమో రుమాలు చాలదని దుప్పటి పరిచింది!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ మాత్ర మానొద్దని చెప్పి, మోతాదు మాత్రం తగ్గించి, ఆరాటానికి ఇంకో మందు రాసింది. అదీ అడ్డుకునేదే, కాకపోతే వేరే గ్రాహకాల్ని. "గొంతులు మళ్లీ వినబడితే ఆ రోజే రండి. సొంత వైద్యం వద్దు."

కొన్నాళ్లకు దర్జీ పీట మీద కదలకుండా కూర్చున్నాడు. ఆవిడే మాటిమాటికీ వచ్చి తొంగిచూసింది.

"ఏవండీ, ఏమైనా వినబడుతోందా?"

"ఆఁ. అన్నం పెడతానని చెప్పి ఎవరో ఆవిడ అటూ ఇటూ తిరుగుతోంది."

ఆవిడ నవ్వలేక నవ్వి వడ్డించింది. తిన్నాక మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా అక్కడే నిలబడింది.