భావనపాడులో బాంజోకి సెగ చూపించాను

నేను ఈ ప్రయాణం కట్టింది పాట మీద ప్రేమతో కాదు, పంతంతో. మా అక్క మనవరాలు సువార్త పలాసలో టీచరు. ముగ్గురు స్నేహితులతో కలిసి ఒక బ్యాండు పెట్టింది. రాక్, కంట్రీ, జానపదం మూడూ కలిపి వాయిస్తారట, దాన్ని అమెరికానా అంటారట. భావనపాడు చర్చి ఆవరణలో మొదటిసారి జనం ముందు వాయిస్తున్నాం, రమ్మని ఫోను చేసింది. ముప్పై ఏళ్ళు డప్పు కొట్టినవాణ్ణి. నాకు తెలియని వాయిద్యం ఏముంటుందో చూద్దామని బయల్దేరాను.

చీపురుపల్లిలో పొద్దున్న ఆరున్నరకి ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు ముప్పై రూపాయలు. తొమ్మిది దాటాక నౌపడలో దిగి షేర్ ఆటో ఎక్కితే భావనపాడుకి నలభై తీసుకున్నాడు. నా ఇస్త్రీ చొక్కా చూసి ఆటోవాడు, "ఏటి మావా, పెళ్ళికా?" అన్నాడు. పాట వినడానికన్నాను. "ఈ వయసులో పాటేటి? సేపలు కొనుక్కెళ్ళు."

"నా సెవులు బాగానే పనిచేస్తన్నాయి. నువ్వు ముందు సూసి తోలు" అన్నాను.

చర్చి దగ్గర సువార్త బాంజో చూపించింది. గుండ్రటి పొట్ట, దాని మీద తోలు, పైన అయిదు తీగలు. సముద్రం గాలికి తోలు మెత్తబడి, మీటితే తడిగుడ్డ మీద కొట్టినట్టుంది. "పదకొండింటికి మొదలెట్టాలి తాతా. ఏటి సెయ్యాలో తెలీడం లేదు" అంది. ఆమె మైకు సంగతి చూడడానికి వెళ్ళగానే, అడక్కుండా బాంజో పట్టుకుని వెనక పొయ్యి దగ్గరికి పోయాను. డప్పు మెత్తబడితే గడ్డిమంట మీద కాస్తాం, ఇదీ తోలే కదా అనుకున్నాను. వంట చేస్తున్న ముసలమ్మ, "ఏటయ్యా అది, కాల్తే ఆ పిల్ల ఏడుస్తాది" అంది. "నాకు సెప్పకు" అన్నాను.

తోలు బిగిసింది. బిగుస్తూ తీగల్ని పైకి తోసింది. ఒక తీగ టప్పున తెగి నా మణికట్టు మీద కొట్టింది. డప్పుకి తీగలుండవన్న మాట నాకు అప్పుడు తట్టింది. తెచ్చి దాని చోట పెట్టేశాను. సువార్త చూసి, "పాత తీగ. దానికి ఆయుస్సు అయిపోయినాది" అంది. వేరే తీగ లేదు. నేను మణికట్టు మీది వాత కనపడకుండా చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

నాలుగు తీగలతోనే మొదలెట్టారు. రాగం ఎక్కడో అమెరికా పల్లెలదట, మాట మాత్రం మనది. ఎండుచేపల గంప ఎత్తుకుని టెక్కలి నడిచే ఆడమనిషి పాట. బాంజో రేకు మీద వడగళ్ళు పడ్డట్టు మోగింది. బాగుంది, కానీ తిన్నగా వినలేకపోయాను. మీటిన ప్రతిసారీ తోలు చిట్లిందేమోనని చూశాను. రెండో పాట అయ్యేసరికి మళ్ళీ మెత్తబడింది. సువార్త తల దించుకుంది.

నేను లేచి ముందుకెళ్ళాను. "తీగ తెంపింది నానే. నీకు సెప్పకుండా మంట మీద కాసాను."

నలుగురూ నన్నే చూశారు. "అందుకేనా తొలి పాటకి అలాగ మోగినాది" అంది సువార్త. బ్యాండులో ఫిడేలు వాయించే అమ్మాయిని ఒక్కదాన్నే ఒక పాట లాగమని చెప్పి దిగొచ్చింది. "పద తాతా. తీగలు నాను వదులుసేస్తాను, నువ్వు కాయి."

డెబ్భై రెండేళ్ళలో తప్పు నాదని పదిమందిలో చెప్పింది అదే మొదలు. ఆ తరవాత వాయించిన పాటలే నాకు సరిగ్గా వినిపించాయి. మీరు తోలు వాయిద్యంతో సముద్రం పక్కకి వెళితే ముందు తీగలు వదులు చెయ్యండి, మంటకి మూరెడు దూరంలో పట్టండి, అరచెయ్యి ఓర్చుకున్నంతసేపే. వాయిద్యం ఎవరిదో వాళ్ళని అడిగాకే.