సున్నా వచ్చిన బొంగరం

ఆ లెక్చరరు గారి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. ఆయన మీద కంటే మా నాన్నగారి మీద ఎక్కువ.

కొత్తపేటలో నాన్నగారికి లేతు మిషను ఉండేది. మంచం కోళ్లూ చపాతీ కర్రలూ చేసేవారు గానీ ప్రాణమంతా బొంగరాల మీదే. తొంభైల్లో నేను బళ్లో చదివేటప్పుడు ఆయన పెట్టే పరీక్ష రోజూ చూసేదాన్ని. బల్ల మీద గ్లాసు నిండా నీళ్లు పోసి, పక్కనే కొత్త బొంగరం తిప్పేవారు. నీళ్లు వణికాయా, ఆ బొంగరం మళ్లీ మిషనెక్కాల్సిందే. "నిండుకుండ తొణకదంటారు, మన గ్లాసూ తొణక్కూడదు" అనేవారు.

తర్వాత ప్లాస్టిక్ బొంగరాలొచ్చాయి. కొట్లవాళ్లు మావి తీసుకోవడం మానేశారు. కొన్నేళ్లకి, సెల్‌ఫోన్లకి కొత్తగా తెలివి వచ్చిన రోజుల్లో, హైస్కూలు వాళ్లు పాత ఆటలు నేర్పిస్తామనీ, పిల్లలందరికీ కొనడానికి మంచి బొంగరం ఎంపిక చేస్తామనీ చెప్పారు. నాన్నగారు పది రోజులు కూర్చుని తుమ్మకర్రతో ఒక్కటి చేశారు. అది నెగ్గితే మళ్లీ బొంగరాలు చెయ్యొచ్చు. లేకపోతే మంచం కోళ్లే గతి.

ఎంపికకి వచ్చిన లెక్చరరు గారి ఫోనులో అదురు కనిపెట్టే యంత్రం ఉందట. ఫోను బల్ల మీద పెట్టి, పక్కన ఒక్కో బొంగరం తిప్పించారు. ప్లాస్టిక్‌ది తిరుగుతుంటే తెర మీద గీత కప్పగంతులేసింది. ఆ బొంగరం కాసేపటికే పక్కకి పడిపోయింది. నాన్నగారిది నిద్రపోతున్నట్టు నిలబడి తిరిగింది. గీత కదల్లేదు.

"మీది సున్నా అండి. బలం లేదండి" అన్నారాయన.

"ఆయ్" అని ఒప్పేసుకున్నారు నాన్నగారు.

మా బొంగరం అప్పటికింకా తిరుగుతూనే ఉంది. చదువుకున్న మనిషి, కళ్లెత్తి దాన్ని చూస్తే ఏం పోయింది? ప్లాస్టిక్‌దాన్నే ఎంచారు.

ఇంటికొచ్చి నాన్నగారికి మంచినీళ్ల గ్లాసు అందిస్తుంటే నాకు వెలిగింది. ఆ ఫోనూ ఈ గ్లాసూ చేసేది ఒకటే పని. అదురుని బలం అనుకున్నాడు ఆ మహానుభావుడు.

"నాన్నగారూ, సున్నా అంటే మీరు నెగ్గినట్టే కదండీ?"

"తెలుసమ్మా."

"తెలిసే ఆయ్ అన్నారా?"

"పిలిస్తే వచ్చిన పెద్దమనిషి. పదిమందిలో తప్పన్నామంటే ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారమ్మా?"

మరి మన మొహం ఎక్కడ పెట్టుకోవాలని అరిచాను. ఆయన నీళ్లు తాగి, మిషనుకి మంచం కోడు బిగించారు. మళ్లీ బొంగరం ముట్టుకోలేదు.

ఆ మర్యాదని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన్ని ఎన్నిసార్లు దెప్పానో లెక్కలేదు. ఒక్కటి మాత్రం ఆయనకి ఎప్పుడూ గుర్తుచెయ్యలేదు, ఆయనా ఎత్తలేదు. చిన్నప్పట్నుంచీ ఆ గ్లాసు చూస్తూ పెరిగినదాన్ని, ఆ రోజు బల్ల పక్కనే ఉన్నాను. లెక్చరరు గారు ఫోను నావైపు తిప్పి, "మీరూ చూశారు కదమ్మా, సున్నాయే కదా?" అని అడిగారు.

"ఆయ్" అన్నాను.