క్నైట్ అన్న

నలభై రెండు సెకన్ల వీడియో. సిరిసిల్ల ఏసుబాబు తన చానల్‌లో ఒక పాత గేమ్ ఆడుతూ, తెర మీది ఇంగ్లిష్‌ను పైకి చదువుతున్నాడు. గుర్రమెక్కిన యోధుణ్ని ‘నైట్’ అనాల్సిన చోట, అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ‘క్నైట్’ అన్నాడు. ఐదుసార్లు. ఆ ఐదూ కత్తిరించి, వరసగా అతికించి, మధ్యలో నవ్వులు పెట్టి ఎవరో వదిలారు. మూడు రోజుల్లో రెండు లక్షల మంది చూశారు. కూరగాయల మార్కెట్లో కూడా అతన్ని ‘క్నైట్ అన్న’ అని పిలిచారు.

ఆ ఎవరో నేనే.

నాది జగిత్యాల. పదో తరగతితో బడి ఆగింది. లైబ్రరీలో నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లిష్ నేర్చుకున్నాను. కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణంలో పని. పుస్తకాల గురించి మాట్లాడే చానల్ నాకూ ఉండేది. చూసేవాళ్లు నలుగురు, అందులో ఒకటి నా రెండో ఫోనే. కాలేజీకి పోయినవాళ్లు నన్ను చూసి నవ్విన నవ్వు నాలో అట్లాగే ఉంది. దాన్ని విసరడానికి నాకంటే ఎక్కువ తప్పులు చదివేవాడు దొరికాడు.

ఆ తప్పులతోనే ఏసుబాబు రోజూ అరవై మందిని కూర్చోబెట్టేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు, సొంతూరు చందుర్తి, భూమి లేని ఇల్లు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో మధ్యాహ్నం షిఫ్టు. మగ్గాల చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ గొంతు పెద్దదైంది. కొత్తగా వచ్చినవాళ్లు కోపంగా ఉన్నాడనుకునేవారు. వేములవాడలో మూతబడ్డ నెట్ సెంటర్ నుంచి తెచ్చుకున్న కంప్యూటర్ మీద పొద్దున ఆరింటికి లైవ్ పెట్టేవాడు.

ఆ గేమ్‌లో యుద్ధాలు తక్కువ, మాటలు ఎక్కువ. ఎవరేమన్నా, కింద వచ్చే జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. దాన్నిబట్టి కథ మారుతుంది. ప్రతి మాటా ఇంగ్లిష్‌లో చదివి మన తెలుగులో చెప్పేవాడు. వెనక బీడీలు చుడుతూ వాళ్లమ్మ లక్ష్మవ్వ ఊ కొట్టేది. ఆమె ఊ అననిదే జవాబు నొక్కేవాడు కాదు. చూసేవాళ్లం కూడా చాట్‌లో ‘ఊ’ అని రాసేవాళ్లం. నేనూ రాశాను, ఏడు నెలలు.

వీడియో వచ్చాక చాట్ నిండా ‘క్నైట్’లే. ఏసుబాబు నాలుగు రోజులు లైవ్‌కు రాలేదు. ఐదో రోజు చానల్‌లో రెండు ముక్కలు రాసి పెట్టాడు: “రేపు కథ ఆఖరుదాక చదివి ఒడగొడ్త. గీ నవ్వుల నడుమ ఒడగొట్టలేకపోతే, ఇగ మైకు అమ్మేస్త.”

మర్నాడు ఆరింటికి చూసేవాళ్లు తొమ్మిది వందల మంది. నేను కోరుట్ల బస్టాండులో బెంచీ మీద ఫోను పట్టుకొని కూర్చున్నాను.

కథ ఆఖరుకొచ్చింది. హీరో ఊరిని శత్రువులకు పట్టించింది ఎవరో తేలిపోయింది. మొదటి రోజు నుంచీ హీరో పక్కనే నడిచిన ముసలి సిపాయి. ఏసుబాబు అతన్ని ‘పెద్దబాపు’ అనేవాడు. ఇప్పుడతను మోకాళ్ల మీద ఉన్నాడు. తెర మీద అతని మాటలు, కింద నాలుగు జవాబులు. మాటల మొదట్లోనే ఆ ఇంగ్లిష్ పదం ఉంది.

ఏసుబాబు గొంతు సవరించుకున్నాడు.

“ఓ క్నైట్,” అని చదివాడు, ఎప్పటిలాగే. “నాకు గిట్లనే అస్తది. నవ్వేటోళ్లు నవ్వుండ్రి. రెండు నిమిషాలు ఆగుత.”

నిజంగానే ఆగాడు, గడియారం చూసుకుంటూ. చాట్ ఉరికి ఉరికి నెమ్మదించింది. తర్వాత కొత్త కేక మొదలైంది: ‘చంపు.’ వందల ‘చంపు’లు.

“అవ్వా, చంపుమంటుండ్రే.”

లక్ష్మవ్వ ఊ అనలేదు.

“మరి మాఫ్ చేద్దామా?”

దానికీ అనలేదు. బీడీ ఆకు కోసే కత్తెర చప్పుడే వినబడింది.

“గట్ల మూగనోము పడితే ఎట్లనే? తొమ్మిది వందల మంది చూస్తుండ్రు.”

“చూడనీ. వాళ్లేమన్న నాకు బీడీలు చుట్టిస్తుండ్రా?” అంది లక్ష్మవ్వ. “కొడుకా, గా ముసలోడు గట్లెందుకు చేసిండో అడిగినవా?”

మూడో జవాబు అదే. ఏసుబాబు నొక్కాడు. సిపాయి చెప్పింది ఆగి ఆగి తెలుగులో చెప్పాడు: “నీ చలిమంట సుట్టు అందరు కూసుండేది. నా మంట కాడ ఎవ్వలు కూసోలే. గంతే.”

“థూ! గింత దానికి ఊరు ముంచిండా?” అంది లక్ష్మవ్వ. కత్తెర ఆగింది. “చంపకు. పొమ్మను. మన మంట కాడ మాత్రం ఇగ కూసోవద్దను.”

“ఊ అన్నట్టేనా?”

“ఊ.”

ఏసుబాబు పొమ్మనే జవాబు నొక్కాడు. ‘చంపు’ల మధ్య నుంచి ‘ఊ’లు ఒక్కొక్కటే పైకి తేలాయి. నేను టైపు చేశాను గానీ పంపలేకపోయాను. గేమ్ అయిపోయి, తయారుచేసినవాళ్ల పేర్లు పోతుంటే ఏసుబాబు వాటినీ చదివాడు, చివరి పేరు దాకా, తన చదువుతోనే. మైకు అమ్మలేదు.

శుక్రవారం సిరిసిల్ల పోయాను. షిఫ్టు మొదలయ్యే ముందు షెడ్డు బయట దొరికాడు.

“అన్నా, నేను జగిత్యాల నుంచి...”

“ఎరికే,” అన్నాడు.

నా వీడియోలో కింద మూలకు, చాట్ రాసే గడిలో, ఊరితో సహా నా పేరు ఉండిపోయిందట. అన్నీ కత్తిరించిన నేను దాన్ని కత్తిరించలేదు. మొదటి రోజే చూశాడు. తప్పయిందన్నాను. ఎందుకు చేశానో చెప్పబోయాను.

“గది గూడ ఎరికే. పెద్దబాపు చెప్పిండు గద.”

లోపల మగ్గాలు ఒక్కసారిగా మొదలయ్యాయి. పక్కనే ఉన్నా, అరిస్తే తప్ప వినబడదు. తలుపు దాకా పోయి, వెనక్కి తిరిగి అరిచాడు:

“రేపు పొద్దుగాల కొత్త కథ మొదలువెడుతున్న తమ్మీ! చూస్తే చూడు. ఊ మాత్రం కొట్టకు!”