మస్తానక్క సుద్దగీత

మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. నీళ్ళు చిలకరించిన నూలుగుడ్డ మీద బొగ్గుల పెట్టె ఆనగానే ఒక వాసన లేస్తుంది. అది తగిలితే నాకు బట్టలు గుర్తురావు, మస్తానక్క వేళ్ళు గుర్తొస్తాయి. చిలకలూరిపేటలో ఆమె కుట్టు షాపు తీయగానే మొదట వేడెక్కేది ఇస్త్రీపెట్టె. బట్టల కోసం కాదు. రెండు చేతులూ దాని పక్కన పెట్టుకుని కూర్చుంటే, రాత్రంతా బిగుసుకుపోయిన వేళ్ళు మెల్లగా విడేవి. షాపు పొద్దున్నే తెరిచేవాళ్ళం. అక్క చేతులు తెరుచుకునేది మాత్రం ఎండ గుమ్మంలోకి వచ్చాకే.

డిగ్రీ పరీక్ష తప్పి, ఇంట్లో వాళ్ళ మొహాలు చూడలేక నేను ఆ షాపులో చేరాను. హుక్కులు కుట్టడం, కాజాలు తీయడం, నోరు మూసుకోవడం నేర్పుతానంది అక్క. ఆఖరిది ఇప్పటికీ రాలేదు.

అక్కకి కీళ్ళవాతం. గుంటూరు డాక్టరుగారు దానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని పేరు చెప్పి, ఇది పూర్తిగా పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టుకోవాలన్నారు. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచీ పేటలో అందరూ డాక్టర్లే. జాకెట్టు గుడ్డతో పాటు ఒకరు వావిలాకు తెచ్చేవాళ్ళు, ఒకరు ఆముదం, ఇంకొకరు పేరు లేని నూనె. అక్క అన్నిటికీ "అట్లాగేనమ్మా" అని అలమరలో పెట్టేది.

"ఇంకో నాలుగు సీసాలొస్తే మందుల షాపని బోర్డు మార్చేద్దాం అక్కా" అన్నాను.

"ముందు నీ నోటికి హుక్కు కుట్టుకోవే" అంది.

ఒకసారి గుంటూరు నుంచి తిరిగొచ్చి పేట బస్టాండులో దిగుతున్నాం. సాయం చేద్దామని ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా లాగాను. అక్క కేక పెట్టింది. బస్సంతా నన్ను హంతకురాలిని చూసినట్టు చూసింది. మెట్టు మీదే నిలబడి ఊపిరి తీసుకుని అంది: "అట్లా లాగితే ఊడి నీ చేతిలోకొచ్చిద్ది. మోచెయ్యి చాపి నిలబడు, చాలు. నేను పట్టుకుంటా. నువ్వు పట్టుకోకు." వెనక నుంచి కండక్టరు "తొందరగా అమ్మా" అని అరిచాడు. "నాకూ తొందరే అబ్బాయ్. నా మోకాళ్ళతో నువ్వు మాట్లాడు" అంది.

ఆ జబ్బులో వీరగాథలేం లేవు. సీసా మూత రాదు. కుళాయి తిరగదు. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు. ఇవాళ వచ్చింది రేపు రాదు, రేపు రానిది ఎల్లుండి వస్తుంది. "నిన్న బాగానే ఉన్నావుగా?" అని ఎవరైనా అంటే అక్క కుట్టుమిషను వైపు తిరిగేది. నొప్పి కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ అలసగొట్టేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మూతలు తీసి తీసి నాకూ విసుగొచ్చేది. నా విసుగు సాయంత్రానికి ఇంటికెళ్ళిపోయేది. ఆమెది అక్కడే పడుకునేది.

కుట్టు షాపులో గుడ్డ కోసేవాళ్ళే మాస్టరు. మిగతా వాళ్ళం ఎంత కుట్టినా పనివాళ్ళమే. అక్క వేళ్ళు వంకర్లు తిరగడం చూసి, పత్తి మిల్లులో పనిచేసే ఆమె భర్త సుభానీ బావ ఒంగోలు నుంచి కటింగ్ మాస్టర్ని పిలిపిస్తానన్నాడు.

"కత్తెర వాడి చేతికి పోయాక ఇక్కడ నేనెవర్ని? వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చేదాన్నా?"

"రాత్రంతా నువ్వు మూలుగుతుంటే వినేది నేను కదా మస్తానూ!"

బావ చెడ్డవాడు కాదు, అలిసిపోయాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. పర్చూరు దగ్గర మిరప రైతు ఇంటి నుంచి పెళ్ళికూతురి పట్టు జాకెట్టు వచ్చింది. అది అక్క కోయగలిగితే మాస్టరు మాట ఎత్తడు. లేకపోతే ఆ రోజే ఒంగోలుకి ఫోను.

తీరా ఆ పొద్దున ఇస్త్రీపెట్టె ఎంత వేడెక్కినా వేళ్ళు విడలేదు. గుడ్డ మీద కొలతలు గీసే పల్చటి సుద్దబిళ్ళ జారి జారి కింద పడింది. బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను ఆగలేక ఆమె చేతిని నా గుప్పిట్లోకి తీసుకుని గీయించబోయాను.

"వదులు. బస్సు దగ్గర ఏం చెప్పాను?"

వదిలేశాను. అక్క చెప్పినట్టు సుద్దకి గుడ్డపీలికలు లావుగా చుట్టిచ్చి, నా ముంజేతిని బల్ల మీద ఆనించి కదలకుండా పెట్టాను. అక్క సుద్దని పిడికిట్లో ఇరికించుకుని, మణికట్టు నా చేతి మీద మోపింది. వేళ్ళతో కాదు, భుజంతో గీసింది. ఒంటి బరువంతా నా మీదే. ఊపిరి పీలిస్తే గీత వంకరపోతుందేమోనని నేను పీల్చడం మానుకున్నాను. చంక దగ్గర వంపు తుడిచి మళ్ళీ గీసింది. అయ్యాక కత్తెర నా వైపు తోసి, "నేను గీసింది కొయ్యి. నీ తెలివి కలపకు" అంది.

కోశాను. "కత్తెర ఈ పిల్ల చేతిలో ఉందిగా?" అన్నాడు బావ.

"గీత ఎవరిది?" అంది అక్క.

బావ కాసేపు ఆ గీతనే చూశాడు. "టీ తెస్తా" అని వెళ్ళిపోయాడు. ఒంగోలుకి ఫోను చేయలేదు. జాకెట్టు పెళ్ళికూతురికి చక్కగా సరిపోయింది. పెళ్ళికొడుకు సంగతి నాకు తెలియదు.

ఆ తర్వాత అద్భుతమేమీ జరగలేదు. సుద్దకి చుట్టే పీలికలు లావయ్యాయి. సాయంత్రానికి నా ముంజెయ్యి తిమ్మిరెక్కేది. కొన్ని రోజులు షాపు తీసేవాళ్ళమే కాదు. కానీ అక్క పోయేదాకా ఆ షాపులో మాస్టరంటే ఆమే.

మొన్న ఒంగోలు బస్టాండులో ఒక పెద్దావిడ బస్సు మెట్టు మీద ఆగిపోయింది. ఇద్దరు మగవాళ్ళు ఆమెను చంకల కింద పట్టుకుని దించబోయారు. ఆమె మొహం చూసి, వాళ్ళని ఆగమని, మోచెయ్యి చాపి నిలబడ్డాను. ఈ పిల్లకేమైనా పిచ్చా అన్నట్టు చూసిందావిడ. కండక్టరు తొందరపెట్టాడు. ఆవిడ మోకాళ్ళతో మాట్లాడుకొమ్మన్నాను. కాసేపటికి నా చేతి మీద ఒక చెయ్యి మెల్లగా ఆనింది. ఆ బరువు నాకు తెలిసిందే. నేను పట్టుకోలేదు.