ముందు సీట్లో కూర్చున్న గుడ్డు

ఆ రోజుల్లో నాకు తిండి లేకపోయినా గడిచేది గానీ, ఎవరినో ఒకరిని చూసి కుళ్ళుకోకపోతే పొద్దు గడిచేది కాదు. మా ఆయన చనిపోయిన ఏడాదే భోపాల్‌పట్నం దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరాను. వయసు చిన్నది, నోరు పెద్దది. నాతోపాటు వండే ఆవిడకు సొంత సైకిలుంది, దానికి గాలి కొట్టే పంపు కూడా ఉంది. పిల్లలు ఆమెను సైకిలక్క అనేవాళ్ళు, నన్ను వంటక్క అనేవాళ్ళు (ఆమె మాత్రం వండదా?).

ఒకసారి సైన్సు మేడం ప్లాస్టిక్ సీసాలతో రాకెట్లు చేయించింది. సీసాలో సగం నీళ్ళు పోసి పంపుతో గాలి కొడితే పైకి లేస్తుంది. మనుషులను ఆకాశానికి పంపే ముందు ఎట్లా పరీక్షిస్తారో చూపించాలని మనిషికి బదులు కోడిగుడ్డును ఎక్కించమంది. గుడ్డును పగలకుండా దించినవాళ్ళు జీపులో జిల్లా కేంద్రం బీజాపూర్‌లో జరిగే సైన్సు ప్రదర్శనకు రావచ్చు, వంటవాళ్ళయినా సరే అంది. నేను పుట్టి బుద్ధెరిగాక జీపు ముందు సీట్లో కూర్చున్నది లేదు. పంపు తనది కాబట్టి ఆ సీటూ తనదే అన్నట్టు సైకిలక్క తిరుగుతుంటే నా కడుపు మండిపోయింది. ఇద్దరం అడ్డాకులతో దొప్పలు కుట్టి, గుడ్డు పెట్టి, దిగేటప్పుడు విచ్చుకోవడానికి గొడుగు గుడ్డ కట్టాం. దొప్ప సీసాకు అతికే చోట ఆమె ట్యూబు రబ్బరు బిగించింది. దిగేటప్పుడు దొప్ప సులువుగా ఊడాలని నేను ఇప్పనూనె పూశాను. బండి ఇరుసుకైనా, పసిబిడ్డ మాడుకైనా మా వైపు ముందు పడేది ఆ నూనే మరి.

ఆమె రాకెట్ హాస్టల్ కప్పు దాటింది. కానీ దొప్ప ఊడలేదు, గొడుగు విచ్చుకోలేదు, గుడ్డు పగిలింది. నాదైతే లేస్తూనే మెడ దగ్గర జారింది. సీసా ఒక్కటే వెళ్ళిపోయింది, దొప్ప గడ్డిలో కూలబడింది.

"ఏంది పిల్లా, నీ రాకెట్ ఎక్కిన సవారీని ఇడిచిపెట్టి పోయింది?" అంది సైకిలక్క.

"పోతే పోనీ అక్కా. నా గుడ్డు పానంతోనున్నది, నీది పెనం మీదికి పోయింది" అన్నాను.

మేడం నవ్వలేదు. "రాకెట్ పోతే ఇంకోటి చేస్తరు. మనిషి పోతే ఏం చేస్తరు? ఒక్కపారి దక్కితే నమ్మొద్దు, మళ్ళా మళ్ళా చూడాలె. కింద అక్క రబ్బరు, పైన నీ నూనె. జర తక్కువ పుయ్, కూర వండుతలేవు" అంది.

అట్లా ఇద్దరి పనీ ఒకటిగా అతికించి ఎన్నిసార్లు ఎగరేసినా గుడ్డు గొడుగు కింద ఊగుతూ దిగింది. బీజాపూర్ ప్రయాణం ఇద్దరికీ ఖాయమైంది. జీపు రాగానే ఇద్దరం ముందు తలుపు దగ్గరికి పరుగెత్తాం. మేడం మమ్మల్ని పక్కకు జరిపి, దొప్పలో ఉన్న గుడ్డును ముందు సీట్లో పెట్టి తువ్వాలతో కట్టింది. దారి పొడుగునా వెనక ఇరుక్కుని కూర్చుని, ఇద్దరం ఆ గుడ్డును చూసి కుళ్ళుకున్నాం. మా ఇద్దరికీ స్నేహం కలిసింది అక్కడే.

ఇప్పుడు ఫోన్లో మనుషులెక్కే రాకెట్ల పరీక్షలు చూపిస్తే గీదం ఊరి నుంచి సైకిలక్క ఫోన్ చేస్తుంది. "దీనికి నీ నూనె పూసిన్రో లేదో అడుగు పిల్లా" అంటుంది. ఎక్కబోయే ఆ బిడ్డలను చూస్తే ముందు భయం వేస్తుంది, అతుకులన్నీ మళ్ళా మళ్ళా చూశారో లేదో అని. భయం తగ్గాక, చెప్పొద్దూ, వాళ్ళ సీటు మీద కొంచెం కుళ్ళు కూడా పుడుతుంది. గుడ్డుతో పోటీ పడ్డ ఆ పిచ్చిపిల్ల ఇంకా నాలోనే ఉందని నవ్వుకుంటాను.